రాత బయటికి

విజయవాడ ఆటోనగర్‌లో ఎవరి కారు చక్రం కూసినా ఎల్లారావు షెడ్డు దారి చూపించేవారు. ఎల్లారావు ఇంజను జోలికి పోడు, రంగులు వెయ్యడు, వైర్లంటే అసలే పడదు. చక్రాలూ బేరింగులూ, అంతే. ముప్పై ఏళ్ళు ఆ ఒక్క పనే చేసి చేసి, కారు సందు మొదట్లోకి వస్తుండగానే ఏ చక్రం ఏడుస్తోందో కుర్చీలోంచి లేవకుండా చెప్పేసేవాడు. చెప్పింది నిజమని తేలాక అక్కడున్న వాళ్ళందరి మొహాల్లోకీ ఓసారి చూసేవాడు. ఆ చూపు కోసమే చెబుతాడని గిట్టనివాళ్ళు అనేవారు. గిట్టనివాళ్ళ మాటయినా అందులో అబద్ధమేమీ లేదు.

పని నేర్పిన మేస్త్రీ దగ్గర్నుంచి అతనికి ఒక అలవాటు వచ్చింది. ప్రతి బేరింగుకీ ఒక పక్క నంబరు చెక్కి ఉంటుంది. ఆ రాత బయటికి కనబడేలా బిగించాలి. రేపెప్పుడో, ఏ ఊళ్ళోనో ఇంకో మేస్త్రీ ఆ చక్రం విప్పితే, బేరింగు పీకకుండానే నంబరు చదువుకుని కొత్తది తెప్పించుకుంటాడు. మొహం తెలియని మనిషికి చేసే మర్యాద అది. ఏ పక్క తిప్పి పెట్టినా బేరింగు బేరింగే కాబట్టి ఈ మర్యాద వల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు, 2008 వానాకాలం వరకూ.

ఆ వానాకాలంలోనే రామకోటేశ్వరరావు గారి కారు ముందు ఎడమ చక్రం కూయడం మొదలుపెట్టింది. ఆయనది కూచిపూడి పక్కన వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఇప్పుడు చేపల మేత వ్యాపారం, బెంజ్ సర్కిల్ దగ్గర అద్దాల ఆఫీసు. కారు విదేశీది, అప్పటికి ఊళ్ళో అలాంటివి నాలుగో అయిదో. దాన్ని నడిపేది మణికుమార్. ఎల్లారావు అక్క దానమ్మ కొడుకు. దానమ్మ పటమటలో చేపలమ్ముతుంది. ఆవిడ దగ్గర చేపలు కొనే ఛాయాదేవి గారు, అంటే రామకోటేశ్వరరావు గారి భార్య, డ్రైవర్ కావాలని ఓ మాట అంటే, ఎల్లారావే మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి ఉద్యోగంలో పెట్టాడు. "నా పూచీ అండీ," అన్నాడు ఆ రోజు.

బేరింగు మార్చడం ఎల్లారావుకి పూట పని. మణికుమార్ కారు ఇచ్చి, అయ్యగారి కాగితాలేవో ఇవ్వడానికి బస్సెక్కి వెళ్ళాడు. ఎల్లారావు చక్రం విప్పి, పాతది ప్రెస్సులో పెట్టి నెట్టి, కొత్తది కూర్చోబెట్టాడు. రాత బయటికి. చక్రం వెనకాల ఒక చిన్న నల్లటి ముక్క, దానికో సన్నటి వైరు ఉన్నాయి. నలిగిపోతుందేమోనని దాని ఒక్క బోల్టూ విప్పి పక్కకి వేలాడదీసి, పనయ్యాక ఎక్కడిదక్కడ బిగించాడు. సాయంత్రం మణికుమార్ వచ్చాక ఇద్దరూ ఆటోనగర్ గతుకుల్లో మెల్లగా ఓ చుట్టు తిరిగారు. చక్రం నోరు మెదపలేదు.

గంట కాకముందే మణికుమార్ ఫోన్ చేశాడు.

"మావయ్యా, హైవే ఎక్కంగానే రెండు లైట్లు వెలిగినయ్యి. ఒకటి ఏబీఎస్సు. ఇంకోటి, కారు కింద వంకర గీతలుంటయ్యే, ఆ బొమ్మ. ఆపి స్టార్ట్ చేస్తే పోతన్నయ్యి, కాస్త వేగం అందుకుంటే మళ్ళీ వస్తన్నయ్యి."

"చక్రం కూస్తందా?"

"లేదు."

"మరింకేంట్రా. నాది ఇనుము పని. అది కరెంటు పని. దీనికీ దానికీ చుట్టరికం లేదు. అయ్యగారికి చెప్పి కరెంటోళ్ళకి చూపించు."

మణికుమార్ చెప్పాడు. అయ్యగారు చూపిద్దాం అన్నారు. చూపించే తీరిక దొరక్కముందే, నాలుగో రోజున భార్యాభర్తలిద్దరూ ఏలూరు పెళ్ళికి బయలుదేరారు. హనుమాన్ జంక్షన్ దాటాక జడివాన. ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. మణికుమార్ బ్రేకు తొక్కాడు. చక్రాలు పట్టేశాయి, కారు మాత్రం ఆగలేదు. నీళ్ళ మీద జారుకుంటూ అడ్డంగా తిరిగి, రోడ్డు పక్క బురదలో దిగబడి నిలబడింది. ఎవరికీ గీటు కూడా పడలేదు. కానీ ఛాయాదేవి గారు పెళ్ళికి వెళ్ళలేదు, ఆ తరవాత రెండు రోజులు కారెక్కలేదు.

అప్పుడిక రామకోటేశ్వరరావు గారు కారుని ఊళ్ళో ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్ళారు. వాళ్ళు చూసి, ఎడమ చక్రం వేగం చెప్పే సెన్సార్ పనిచెయ్యడంలేదన్నారు. చక్రాలు పట్టెయ్యకుండా, కారు జారకుండా చూసే యంత్రం ఆ సెన్సార్ల మాట వినే నడుస్తుందట. కొత్త సెన్సార్ వేశారు. లైట్లు ఆరలేదు. వాళ్ళకేం తోచలేదు. తోచలేదని ఏ వర్క్‌షాపూ చెప్పదు కదా. "ఈ బోల్టు మీద కొత్త స్పానర్ గాట్లున్నాయి సార్. ఎవరో ఈమధ్యే విప్పారు. ఒరిజినల్ తీసి పాతదేదో పెట్టి, వైరు కూడా కెలికి ఉంటారు," అన్నారు.

రామకోటేశ్వరరావు గారు అక్కణ్ణుంచే ఎల్లారావుకి ఫోన్ చేశారు.

"ఏమయ్యా ఎల్లారావూ, ఆ రోజు నువ్వు బేరింగ్ వేసినప్పుడు సెన్సార్ గట్రా ఏమన్నా విప్పావా?"

"వైర్ల జోలికి నేను పోనండీ. ముట్టుకోలేదు."

ఆటోనగర్‌లో ఈ మాటకి అరిగిపోయిన నాణెం పాటి విలువ కూడా లేదు. ఏ షెడ్డులో ఏ మేస్త్రీని ఏం అడిగినా ముందు వచ్చే జవాబు అదే. ఎల్లారావు అబద్ధమాడదామని ఆడలేదు. ఊడ్చేటప్పుడు కుర్చీ జరిపిన మనిషి కుర్చీని ముట్టుకున్నానని గుర్తుపెట్టుకుంటాడా? అతనికి ఆ బోల్టు నిజంగానే గుర్తు లేదు. ఫోన్ పెట్టేసి మళ్ళీ పనిలో పడ్డాడు.

మర్నాడు పొద్దున్నే మణికుమార్‌ని పనిలోంచి తీసేశారు. సెన్సార్ అమ్ముకున్నాడని, దాంతో ప్రాణాల మీదికి తెచ్చాడని.

కబురు తెలిసి ఎల్లారావు మేనల్లుణ్ణి షెడ్డుకి పిలిపించాడు. కూర్చోమనలేదు. అతని మనసులో తిరుగుతున్నది ఒక్కటే, నా పూచీ అని నోటితో అన్నాను కదా అని.

"నిజం చెప్పరా. తీశావా?"

మణికుమార్ "అయ్యగారు అడగలేదు మావయ్యా. తీశావు అన్నారు. నువ్వన్నా అడిగావు," అన్నాడు. "తియ్యలేదు," అని మాత్రం అనలేదు. అనవలసిన అవసరం మేనమామ దగ్గర ఉంటుందని అతను అనుకోలేదు కాబోలు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. జవాబు రాలేదని ఎల్లారావు అనుమానం ఇంకాస్త ముదిరింది. చెప్పుకోవడానికి సిగ్గయిన సంగతే, కానీ ముదిరింది.

బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల డ్రైవర్లంతా ఒకే టీ కొట్టు దగ్గర చేరతారు, ఓనర్లంతా ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. వారం తిరిగేసరికి మణికుమార్ అడిగిన మూడు చోట్లా లేదన్నారు. నాలుగో చోట ఎందుకు లేదో కూడా చెప్పారు. ఆ మధ్యాహ్నం దానమ్మ చేపల బేసిన్ నెత్తిమీంచి దించి షెడ్డు గుమ్మంలో కూలబడింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇయ్యాల పొద్దున ఒకావిడ నన్ను గేటు దగ్గరే ఆపేసిందిరా. ఇన్నాళ్ళూ వంటింటి దాకా పోయి తూకమేసేదాన్ని. మీ అబ్బాయి సంగతి ఇన్నాం, ఇక్కడే ఇచ్చిపో అంది. ఆడు అట్టాంటోడు కాదురా. రోడ్డు మీద దొరికిన పర్సు పోలీస్టేషనుకి తీసకపోయి, ఎవురిదని నాలుగు గంటలు కూర్చోబెట్టించుకుని వచ్చాడు ఆడు. అన్నం తినట్లేదు. గోడకేసి తిరిగి పడుకుంటన్నాడు. నువ్వు పెట్టించిన ఉద్యోగం. నువ్వే ఏదోటి చెయ్యి."

ఎల్లారావు ఆవిడకి మంచినీళ్ళిచ్చాడు. అంతకంటే ఏమిచ్చే ధైర్యమూ ఆ పూట అతనికి లేదు. సాయంత్రం మాత్రం రామకోటేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళి, కారు ఒక్క రోజు ఇమ్మని అడిగాడు. "లైట్లు ఎటూ ఆరట్లేదు కదండీ. నాకు తెలిసిన కుర్రాడున్నాడు, చూపిస్తాను." ఆయన తాళాలు బల్ల మీద పెట్టి, "నీ మీద నాకు అనుమానం లేదులే ఎల్లారావూ," అన్నారు. ఆ మాట విని అతను సంతోషించాడు కూడా.

ఆ తెలిసిన కుర్రాడు జయంత్. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం వద్దని, కార్లకి తగిలించి లోపాలు చదివే స్కానర్ కొనుక్కుని షెడ్లన్నీ తిరుగుతుంటాడు. మర్నాడు పది గంటలకి వచ్చి, ముందు చక్రాలు రెండూ జాకీల మీద లేపించి, స్టీరింగ్ కింద వైరు తగిలించాడు. ల్యాప్‌టాప్ మీద నాలుగు చక్రాలకి నాలుగు గళ్ళు కనిపించాయి.

"కుడి చక్రం చేత్తో తిప్పండి ఎల్లారావుగారూ."

తిప్పాడు. గడిలో అంకెలు కదిలాయి. మూడు, నాలుగు, అయిదు.

"ఇప్పుడు ఎడమది."

గట్టిగా తిప్పాడు. చక్రం గిర్రున తిరిగింది. గడిలో సున్నా. ఇంకా గట్టిగా తిప్పాడు. సున్నా.

"కారు లెక్కలో ఈ చక్రం ఆగిపోయి ఉందండీ. మిగతా మూడూ తిరుగుతున్నాయి, ఇదొక్కటి తిరగట్లేదు. ఏం చెయ్యాలో తెలీక మొత్తం వ్యవస్థే పక్కకి తప్పుకుంటోంది. వానలో జారిందంటే జారదా మరి."

వర్క్‌షాపు వాళ్ళు తీసేసిన పాత సెన్సార్ డిక్కీలో కాగితం సంచిలో ఉంది. జయంత్ దాన్ని తీసి కుడి చక్రానికి బిగించాడు. తిప్పితే అంకెలు చక్కగా కదిలాయి. కుడి చక్రం నుంచి తీసినదాన్ని పక్కన పెట్టి పోల్చి చూశాడు. అవే అక్షరాలు, అదే నెల, అదే సంవత్సరం.

"ఇది దొంగ సరుకు కాదండీ. కారుతోపాటు పుట్టిందే. పాడూ కాలేదు."

ఎల్లారావుకి ఒక్కసారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంటే చేతి గ్రీజు మొహానికి అంటింది. వాడు తియ్యలేదు. దానమ్మ కొడుకు తియ్యలేదు. ఈ క్షణాన్నే పరుగెత్తుకెళ్ళి చెప్పాలనిపించింది. జయంత్ మాత్రం ఇంకా కారు కిందే ఉన్నాడు. ఎడమ వైరుని ఈ చివర నుంచి ఆ చివరికి మీటరుతో చూశాడు. ఎక్కడా తెగలేదు, ఎవరూ కెలకలేదు.

"సెన్సార్ బాగుంది. వైరు బాగుంది," అంటూ బయటికొచ్చి చేతులు దులుపుకున్నాడు. "ఇక సెన్సార్ దేన్ని చూస్తుందో అదొక్కటే మిగిలింది. బేరింగ్ ఏ పక్కకి పెట్టారండీ?"

"రాత బయటికి. ఎప్పుడూ అంతే కదా."

జయంత్ చుట్టూ చూశాడు. పెద్దాయన, నలుగురి ముందు. గొంతు తగ్గించాడు. "ఈమధ్య వస్తున్న వాటిల్లో ఒక పక్క సీలులో, పైనుండే రబ్బరు మూతలో, అయస్కాంతం పెడుతున్నారండీ. కంటికి తెలియదు, రెండు పక్కలా ఒకేలా ఉంటుంది. అది లోపలికి, సెన్సార్ వైపుకి ఉండాలి."

ఎల్లారావు అదే నంబరు బేరింగు కొత్తది కొట్టునుంచి తెప్పించాడు. పక్క లేతు షాపులో గుప్పెడు ఇనప రజను కాగితంలో పోయించుకొచ్చాడు. రాత లేని పక్కని రజనుకి ఆనించి ఎత్తాడు. ఏమీ అంటలేదు. తిప్పి, రాత ఉన్న పక్కని ఆనించాడు. ఎత్తేసరికి సీలు చుట్టూ రజను నిలబడి ఉంది, సన్నటి గీతలు గీతలుగా, దువ్వెన పళ్ళలా.

లేతు షాపువాడు, ఎదురు షెడ్డు వాళ్ళు చూస్తూనే ఉన్నారు. ఈసారి ఎల్లారావు ఎవరి మొహంలోకీ చూడలేదు. రజను ఎన్నిసార్లు తుడిచినా అంటుకునే ఉంది. తుడుస్తూ ఉండగానే ఆ నల్ల ముక్క గుర్తొచ్చింది. నలిగిపోతుందని విప్పిన బోల్టు గుర్తొచ్చింది. దాని వెనకే ఫోన్లో తను అన్న మాట గుర్తొచ్చింది. బేరింగు తిరగబెట్టడం తెలియక చేసింది. ఆ మాటకి ఏం పేరు పెట్టాలో అతనికి తెలియలేదు.

సాయంత్రానికి కుడి చక్రం సెన్సార్ ఎక్కడిదక్కడ బిగించి, ఎడమ చక్రం పాత బేరింగు పీకి, కొత్త బేరింగు సరైన పక్కకి కూర్చోబెట్టాడు. తనే హైవే ఎక్కించి ఎనభై దాకా తోలాడు. లైట్లు రాలేదు. అటునుంచి అటే బెంజ్ సర్కిల్‌కి పోనిచ్చాడు. పీకిన బేరింగు ఒక గుడ్డలో, మిగిలిన రజను కాగితం పొట్లంలో చుట్టి, పాత సెన్సార్‌తో పాటు పక్క సీట్లో పెట్టుకున్నాడు.

రామకోటేశ్వరరావు గారు స్వయంగా ఓ చుట్టు తిప్పి వచ్చారు. మొహం వెలిగిపోతోంది. ఆఫీసు గదిలో ఇద్దరు గుమాస్తాల ముందే ఎల్లారావు భుజం తట్టారు.

"పెద్ద వర్క్‌షాపు వల్ల కానిది నువ్వు చేశావయ్యా. చూశావా, వాడు గడప దాటాడు, కారు బాగుపడింది."

ఈ మాట వస్తుందని ఎల్లారావు దారిలో అనుకోలేదు. కారు బాగుపడితే మేనల్లుడు బాగుపడతాడనే అనుకుంటూ వచ్చాడు. అది తిరగబడింది. తను చక్కగా చేసిన పని వాడి మీద మచ్చని ఇంకాస్త గట్టిగా అద్దుతోంది.

"తప్పు వాడిది కాదండీ. నాది. బేరింగు తిరగేసి పెట్టాను."

రామకోటేశ్వరరావు గారు నవ్వారు. కోపమేమీ లేని నవ్వు. "మేనల్లుడు కదయ్యా. నీ స్థానంలో నేనున్నా ఇలాగే మీదేసుకుంటాను. ఇక వదిలెయ్."

"మీదేసుకోవటం కాదండీ," అంటూ ఎల్లారావు గుడ్డ విప్పి బేరింగు అద్దాల బల్ల మీద పెట్టాడు. పొట్లం విప్పి రజను పక్కన పోశాడు. బల్ల పాడవుతుందని ఒక గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగిపోయాడు. ఒక పక్క ఆనించి చూపించాడు, రెండో పక్క ఆనించి చూపించాడు. ఏది ఎటు ఉండాలో, తను ఎటు పెట్టాడో, ముప్పై ఏళ్ళ అలవాటు ఏమిటో చెప్పాడు. పాత సెన్సార్ తీసి, అది కారుతోపాటు వచ్చిందేనని అక్షరాలూ నెలా చూపించాడు. రామకోటేశ్వరరావు గారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. నవ్వు పోయింది.

"సరే. మరి బోల్టు ఎవరు విప్పారు?"

"నేనేనండీ."

"ఆ రోజు నేను ఫోన్ చేసి అడిగానా లేదా?"

"అడిగారండీ."

"ఏమన్నావు?"

"ముట్టుకోలేదన్నానండీ."

"నేనేం గాలివాటంగా పంపించానా వాణ్ణి? నువ్వు ముట్టుకోలేదంటే ఇక మిగిలింది వాడేగా. సొంత మేనమామ నోటితో అన్నాక ఇంకెవర్ని అడగమంటావు నన్ను?" ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఎల్లారావుకి తేలిగ్గా ఉండేది. గుమాస్తాలిద్దరూ కాగితాల్లోకి తలలు దించుకున్నారు. రామకోటేశ్వరరావు గారు ఫోన్ తీసి మణికుమార్‌కి చేశారు. రేపటినుంచి డ్యూటీకి రమ్మన్నారు. ఏం జరిగిందో, ఎవరేమన్నారో దాచకుండా చెప్పారు. అంతా అయ్యాక, "వస్తానన్నాడు," అని మాత్రం ఎల్లారావుతో అన్నారు.

మణికుమార్ వెళ్ళాడు. ఛాయాదేవి గారు ముందులాగే దానమ్మని పిలిచి చేపలు కొన్నారు, నలుగురికీ సంగతి చెప్పారు కూడా. ఎల్లారావు రోజూ ఫోన్ చేద్దామనుకున్నాడు. ఏమని మొదలుపెట్టాలో తెలియక రేపు రేపంటూ పది రోజులు గడిపాడు.

పదకొండో రోజు కారు సందు మొదట్లోకి వచ్చింది. చప్పుడు వినగానే లేచి నిలబడ్డాడు. చక్రాల నట్లు ఒకసారి సరిచూడమన్నారట అయ్యగారు. మణికుమార్ దిగి, తాళాలు అతని చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు.

"నట్లు చూడమన్నారండీ ఎల్లారావుగారూ. నేను ఇక్కడే ఉంటాను."

వాడి నోట్లోంచి "గారు" ఎంత మర్యాదగా వచ్చిందంటే, ఎల్లారావు మొదట వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. తరవాత నట్లు బిగించాడు. ఒక్కొక్కటీ రెండేసి సార్లు. మేనల్లుడు కారు పక్కనే నిలబడి అతని చేతులకేసి చూస్తున్నాడు, ఏది విప్పుతున్నాడో ఏది బిగిస్తున్నాడో.

"ఏరా, మావయ్యా అనటం మానేశావా?"

"పని దగ్గర వద్దండీ," అన్నాడు మణికుమార్. కోపంగా అనలేదు. బాగా ఆలోచించి పెట్టుకున్న మాటలా అన్నాడు. "రేపు మళ్ళీ ఏదన్నా తేడా వస్తే, మీరు నిజం చెప్పినా మేనల్లుడని చెప్పారంటారు. నేను నిజం చెప్పినా మేనమామ మీద చెప్పలేక దాచాడంటారు. ఎవరికెవరం కాకపోతేనే ఇద్దరి మాటా చెల్లుద్ది."

"ఇంటి దగ్గరన్నా అంటావా?"

మణికుమార్ తాళాలు తీసుకున్నాడు. నాలుగు చక్రాల చుట్టూ తిరిగి ప్రతి నట్టూ తన చేత్తో తడిమి చూసుకున్నాడు. "అమ్మ కూరొండుతానంది, ఆదివారం మిమ్మల్ని రమ్మంది. నేను డ్యూటీలో ఉంటానండీ," అని కారెక్కాడు.